యూనివర్సిటీ సింగిల్ ఆడిట్: స్టూడెంట్ ఎయిడ్, రీసెర్చ్ గ్రాంట్లలో నిజంగా చూడాల్సినవి ఏవి?

ప్రశ్న (హైదరాబాద్ ఆడిట్ టీమ్)

అందరికీ నమస్కారం. అమెరికాలో ఒక ప్రైవేట్ యూనివర్సిటీ సింగిల్ ఆడిట్ (ఫెడరల్ ప్రభుత్వ డబ్బు ఖర్చుపై జరిగే ఆడిట్) పని మా టీమ్‌కి వచ్చింది. 2025 జూన్ 30తో ముగిసిన సంవత్సరం. మొత్తం ఫెడరల్ ఖర్చు 62 మిలియన్ డాలర్లు. అందులో స్టూడెంట్ ఎయిడ్ 38 మిలియన్లు (ప్రభుత్వం విద్యార్థులకు ఇచ్చే డైరెక్ట్ లోన్లే 27), రీసెర్చ్ 19 మిలియన్లు, మిగతా చిన్నాచితకా గ్రాంట్లన్నీ కలిపి 5 మిలియన్లు. కమర్షియల్ ఆడిట్ అనుభవం ఉంది కానీ యూనిఫామ్ గైడెన్స్ (ఫెడరల్ గ్రాంట్ల నిబంధనలు) కింద పని ఇదే మొదలు. ఈ ఆడిట్‌కి ప్రభుత్వం ఇచ్చే గైడ్, కాంప్లయెన్స్ సప్లిమెంట్ చదువుతున్నాను. అందులో ఏం చూడాలో ఉంది గానీ తప్పులు ఎక్కడ దొరుకుతాయో, ఎందుకు జరుగుతాయో అర్థం కావడం లేదు. మేజర్ ప్రోగ్రామ్‌ల (వివరంగా ఆడిట్ చేయాల్సిన ప్రోగ్రామ్‌ల) ఎంపిక, శాంపిల్ సైజు, ఎయిడ్‌లో ఎక్కువగా వచ్చే ఫైండింగ్‌లు (రిపోర్ట్‌లో రాయాల్సిన లోపాలు), రీసెర్చ్‌లో ఏ ఖర్చుల మీద దృష్టి పెట్టాలి, ఇవి తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరా?

జవాబు 1 (సీపీఏ, డల్లాస్)

ముందు ఏ రూల్ వర్తిస్తుందో తేల్చుకోండి. 2024లో సవరించిన యూనిఫామ్ గైడెన్స్‌లో సింగిల్ ఆడిట్ పరిమితి 7,50,000 డాలర్ల నుంచి 10 లక్షలకు పెరిగింది. టైప్ ఎ, అంటే పెద్ద ప్రోగ్రామ్‌లు ఏవో తేల్చే పట్టిక కూడా మారింది. అయితే ఆడిట్‌కి సంబంధించిన ఈ మార్పులు 2024 అక్టోబర్ 1న గానీ ఆ తర్వాత గానీ మొదలైన ఆర్థిక సంవత్సరాలకే. మీ క్లయింట్ సంవత్సరం 2024 జూలై 1న మొదలైంది కాబట్టి పాత పట్టికే వాడాలి. చాలామంది టెంప్లేట్‌లో కొత్త అంకెలు ఎక్కించేసి ఇక్కడే దెబ్బతింటారు.

పాత పట్టికలో ఖర్చు 25 మిలియన్లు దాటి 100 మిలియన్ల లోపు ఉంటే టైప్ ఎ పరిమితి మొత్తం ఖర్చులో 3 శాతం. మీకు 62 మిలియన్ల మీద 18.6 లక్షల డాలర్లు. స్టూడెంట్ ఎయిడ్ అంతా ఒకే క్లస్టర్ (ప్రోగ్రామ్‌ల గుంపు), రీసెర్చ్ అంతా ఇంకో క్లస్టర్. ఒక్కో క్లస్టర్‌ని ఒక్క ప్రోగ్రామ్‌గానే లెక్కపెట్టాలి. పెల్ గ్రాంట్ వేరు, డైరెక్ట్ లోన్ వేరు అని విడగొట్టకూడదు.

లోన్ల విషయంలో ఒక లెక్క తప్పకుండా వర్క్‌పేపర్‌లో కనబడాలి. ఒక ప్రోగ్రామ్ ఖర్చులో సగం, అంతకు మించి లోన్లే ఉండి, ఆ ప్రోగ్రామ్ లోన్ కాని అతిపెద్ద ప్రోగ్రామ్‌కి నాలుగు రెట్లు దాటితే, దాన్ని పెద్ద లోన్ ప్రోగ్రామ్‌గా తీసుకుని, మిగతా టైప్ ఎ లెక్కలోంచి దాని విలువ తీసేయాలి. మీ దగ్గర రీసెర్చ్ 19, దానికి నాలుగు రెట్లు 76. ఎయిడ్ 38 మాత్రమే కాబట్టి తీసేయక్కర్లేదు. రీసెర్చ్ 9 మిలియన్లే ఉన్న కాలేజీలో అయితే ఇదే 38 పెద్ద లోన్ ప్రోగ్రామ్ అయ్యేది, పరిమితి కిందికి దిగి ఇంకొన్ని గ్రాంట్లు టైప్ ఎ లోకి వచ్చేవి.

ఎయిడ్ క్లస్టర్ ఒక్కటి ఆడిట్ చేస్తేనే 61 శాతం కవరేజ్ వస్తుంది. లో రిస్క్ ఆడిటీకి (గత ఆడిట్‌లు బాగున్న సంస్థకు) 20, కాకపోతే 40 శాతం చాలు కనుక కవరేజ్ సమస్య కాదు. రీసెర్చ్‌ని ఈ ఏడు వదిలేయవచ్చా అన్నది వేరే ప్రశ్న. గత రెండేళ్లలో ఒక్కసారైనా మేజర్‌గా ఆడిట్ అయి, చివరిసారి మెటీరియల్ వీక్‌నెస్ (లోపలి తనిఖీల్లో పెద్ద లోపం) గానీ, మాడిఫైడ్ ఒపీనియన్ (ఆడిటర్ అభ్యంతరాలున్న అభిప్రాయం) గానీ, ఖర్చులో 5 శాతం దాటిన క్వశ్చన్డ్ కాస్ట్‌లు (ఆడిటర్ ప్రశ్నించిన ఖర్చులు) గానీ లేకపోతేనే టైప్ ఎ ని లో రిస్క్ అనగలరు.

ఆ తర్వాత సీఫా, అంటే ఫెడరల్ ఖర్చులను ప్రోగ్రామ్‌ల వారీగా చూపే షెడ్యూల్. దీన్ని క్లయింటే తయారుచేయాలి. మీరు చేసిపెడితే యెల్లో బుక్ (ప్రభుత్వ ఆడిట్ ప్రమాణాలు) ప్రకారం స్వతంత్రతకు వచ్చే ముప్పును అంచనా వేసి, రక్షణ చర్యలు రాసిపెట్టాలి. సీఫాలో పదేపదే కనబడే లోపాలు: ఎయిడ్‌ని ఆర్థిక సంవత్సరం బదులు అవార్డ్ ఇయర్ ప్రకారం పెట్టడం, రీసెర్చ్‌ని ఖర్చు బదులు డ్రా చేసిన నగదు ప్రకారం పెట్టడం, ఇంకో యూనివర్సిటీ ద్వారా వచ్చిన సబ్‌అవార్డ్‌కి పాస్‌త్రూ సంస్థ పేరు, వాళ్లిచ్చిన నంబర్ వదిలేయడం. డైరెక్ట్ లోన్లకు ఏడాదిలో ఇచ్చిన కొత్త లోన్ల మొత్తం వస్తుంది. పెర్కిన్స్ అనే పాత విద్యార్థి లోన్లకు సంవత్సరం మొదట్లో ఉన్న బాకీ కూడా కలపాలి. 2017 సెప్టెంబర్ 30తో ఆ స్కీమ్ ఆగినా పాత బాకీలు ఇంకా చాలాచోట్ల పుస్తకాల్లో ఉన్నాయి.

శాంపిల్ సంగతి. 250 పైబడిన పాపులేషన్‌కి (శాంపిల్ తీసే మొత్తం జాబితాకి) ఏఐసీపీఏ (అమెరికా సీపీఏల సంఘం) గైడ్‌లో 25, 40, 60 అన్న మూడు మెట్లున్నాయి. కంట్రోల్ (తప్పులు ఆపే లోపలి తనిఖీ) ఎంత ముఖ్యం, ఇన్‌హెరెంట్ రిస్క్ (సహజంగా తప్పు వచ్చే అవకాశం) ఎంత అన్నదాన్ని బట్టి మెట్టు ఎంచుకుంటారు. ఈ సైజులు తప్పులేమీ ఉండవన్న అంచనాతో కట్టినవి. కంట్రోల్ టెస్ట్‌లో ఒక్క లోపం దొరికినా "పర్వాలేదు, 40లో ఒకటే కదా" అని దాటేయకూడదు.

జవాబు 2 (యూనివర్సిటీ ఎయిడ్ ఆఫీస్ వైపు పని)

డల్లాస్ గారు ప్లానింగ్ బాగా చెప్పారు. ఎయిడ్ గురించి నేను చెబుతాను. ఇక్కడ డాలర్ల కన్నా తేదీలు ముఖ్యం. ఒక ఆఫీస్‌లో జరిగిన విషయం ఇంకో ఆఫీస్‌కి ఆలస్యంగా చేరినప్పుడే తప్పు పుడుతుంది. రిజిస్ట్రార్‌కి తెలిసినది ఎయిడ్ ఆఫీస్‌కి తెలియదు, ఎయిడ్ ఆఫీస్ చేసినది బర్సర్‌కి (ఫీజుల ఆఫీస్‌కి) చేరదు. మీ టెస్టింగ్ అంతా ఈ అతుకుల దగ్గర పెట్టండి.

అన్నింటికన్నా ముందు చూడాల్సింది ఆర్‌2టీ4, అంటే సెమిస్టర్ మధ్యలో మానేసిన విద్యార్థి ఎయిడ్‌ని తిరిగి కట్టడం. సెమిస్టర్‌లో 60 శాతం దాటాక మానేస్తే ఎయిడ్ మొత్తం సంపాదించినట్టే. అంతలోపు మానేస్తే గడిచిన రోజుల నిష్పత్తే దక్కుతుంది. వరసగా 5 రోజులు, అంతకన్నా ఎక్కువ ఉన్న సెలవులను పైనా కిందా రెండు చోట్లా తీసేయాలి. సిస్టమ్‌లో క్యాలెండర్ సెటప్ తప్పితే ఏమవుతుందో చూడండి.

సెమిస్టర్ 2025 జనవరి 13 నుంచి మే 9 దాకా, మొత్తం 117 రోజులు. స్ప్రింగ్ బ్రేక్ మార్చి 10 నుంచి 14 అని క్యాలెండర్‌లో ఉంటుంది. కానీ వారాంతాల్లో క్లాసులు లేకపోతే శనివారం మార్చి 8 నుంచి ఆదివారం మార్చి 16 దాకా 9 రోజులూ తీసేయాలి. అప్పుడు సెమిస్టర్ 108 రోజులు. విద్యార్థి మార్చి 25న మానేశాడు. బ్రేక్ తీసేయకపోతే 72 బై 117, అంటే 61.5 శాతం. 60 దాటింది కనుక ఏమీ కట్టక్కర్లేదని సిస్టమ్ చెబుతుంది. సరైన లెక్క 63 బై 108, అంటే 58.3 శాతం. ఎయిడ్ 8,000 డాలర్లు, ఫీజులు 6,000 డాలర్లు అనుకుంటే సంపాదించింది 4,664, సంపాదించనిది 3,336. ఫీజుల మీద సంపాదించని వాటా 41.7 శాతం, అంటే 2,502 యూనివర్సిటీ తిరిగి కట్టాలి. మిగతా 834 విద్యార్థి వంతు. అందులో లోన్ భాగాన్ని ప్రామిసరీ నోట్ ప్రకారమే తీరుస్తాడు. యూనివర్సిటీ కట్టేది ముందు అన్‌సబ్సిడైజ్డ్ లోన్‌కి, తర్వాత సబ్సిడైజ్డ్‌కి, ప్లస్ లోన్‌కి, ఆ తర్వాతే పెల్‌కి వెళ్లాలి. ఈ వరస తప్పినా ఫైండింగే.

క్యాలెండర్ తప్పు ఒక్క విద్యార్థిది కాదు, ఆ సెమిస్టర్‌లో మానేసిన ప్రతి ఒక్కరికీ తగులుతుంది. అందుకే శాంపిల్ తీయకముందే ప్రతి సెమిస్టర్ మొదలు, ముగింపు, బ్రేక్ తేదీలను అచ్చయిన అకడమిక్ క్యాలెండర్‌తో పోల్చండి. అరగంట పని, కానీ దీని విలువ చాలా ఎక్కువ.

గడువు: విద్యార్థి మానేశాడని యూనివర్సిటీ నిర్ధారించిన తేదీ నుంచి 45 రోజుల్లో డబ్బు తిరిగి వెళ్లాలి. హాజరు తీసుకోనక్కర్లేని యూనివర్సిటీలో చెప్పకుండా వెళ్లిపోయినవాడి విషయం సెమిస్టర్ ముగిసిన 30 రోజుల్లోగా నిర్ధారించాలి. అన్ని సబ్జెక్టుల్లో ఎఫ్ వచ్చినవాళ్లు ఈ గుంపులోకి వస్తారు. పరీక్ష రాసి ఫెయిలయ్యాడా, మధ్యలో మాయమయ్యాడా అన్నది లెక్చరర్లను అడిగి, జవాబు ఫైల్‌లో పెట్టాలి. "ఫెయిలయ్యాడు" అన్న ఒక్కమాట చాలదు. చివరిసారి పాల్గొన్న అసైన్‌మెంట్, క్విజ్ లేదా పరీక్ష తేదీ కావాలి. ఆన్‌లైన్ కోర్సులో ఊరికే లాగిన్ అయినంత మాత్రాన పాల్గొన్నట్టు కాదు.

రెండోది ఎన్‌రోల్‌మెంట్ రిపోర్టింగ్. విద్యార్థి చదువు స్థితి మారిన విషయం 60 రోజుల్లో ఎన్‌ఎస్‌ఎల్‌డీఎస్‌కి (ఫెడరల్ విద్యార్థి లోన్ల డేటాబేస్‌కి) చేరాలి, అక్కడినుంచి వచ్చిన రోస్టర్‌కి (విద్యార్థుల జాబితాకి) 15 రోజుల్లో జవాబివ్వాలి. చాలామంది నేషనల్ స్టూడెంట్ క్లియరింగ్‌హౌస్ అనే సంస్థ ద్వారా పంపుతారు. ఆ సంస్థ తప్పు చేసినా బాధ్యత యూనివర్సిటీదే. కాబట్టి క్లియరింగ్‌హౌస్ ఫైల్ చూసి సరిపెట్టుకోకుండా ఎన్‌ఎస్‌ఎల్‌డీఎస్ తెరనే చూడండి. క్యాంపస్ స్థాయి రికార్డ్, ప్రోగ్రామ్ స్థాయి రికార్డ్ రెండూ సరిపోవాలి. మే నెలలో డిగ్రీ పూర్తిచేసినవాళ్లను చివరి ఫైల్ వెళ్లాక కాన్ఫర్ చేయడం వల్ల వాళ్లు "గ్రాడ్యుయేటెడ్" బదులు "విత్‌డ్రాన్"గా ఉండిపోవడం బాగా కనిపించే లోపం. ఇది కాగితం తప్పే అని తీసిపారేయకండి. లోన్ కట్టడం మొదలయ్యే 6 నెలల గ్రేస్ ఈ తేదీ నుంచే నడుస్తుంది. తేదీ తప్పితే విద్యార్థి దగ్గరికి బిల్లు తప్పు నెలలో వస్తుంది.

మిగతావి చకచకా: డిస్బర్స్‌మెంట్ వివరాలు సీఓడీకి (విద్యాశాఖ ఎయిడ్ చెల్లింపుల సిస్టమ్‌కి) 15 రోజుల్లో వెళ్లాలి. ఫీజులు పోగా మిగిలిన క్రెడిట్ బాలెన్స్ 14 రోజుల్లో విద్యార్థికి ఇవ్వాలి. డైరెక్ట్ లోన్ల రికన్సిలియేషన్ నెలనెలా ఉండాలి. ఏడాది చివర ఒకేసారి పన్నెండు నెలలకూ సంతకాలు పెట్టిన ఫైల్ దొరికితే అది కంట్రోల్ లోపమే. సమాచార రక్షణకు సంబంధించిన గ్రామ్ లీచ్ బ్లైలీ చట్టం కింద రాతపూర్వక సెక్యూరిటీ ప్రోగ్రామ్, దానికి బాధ్యుడైన అర్హుడైన వ్యక్తి, రిస్క్ అసెస్‌మెంట్ ఉన్నాయా అన్నది ఐటీ వాళ్లను మొదటి వారంలోనే అడగండి. చివర్లో అడిగితే పాలసీ అప్పటికప్పుడు రాసి ఇస్తారు.

మన పిల్లలకు సంబంధించిన మాట ఒకటి. ఎఫ్-1 వీసా విద్యార్థులకు టైటిల్ 4 ఎయిడ్, అంటే ఫెడరల్ విద్యార్థి సహాయం ఏదీ వర్తించదు. ఫెడరల్ వర్క్ స్టడీ (చదువుకుంటూ పనిచేసే స్కీమ్) కూడా అంతే. క్యాంపస్‌లో వాళ్లు చేసే ఉద్యోగాలకు యూనివర్సిటీ సొంత డబ్బు లేదా గ్రాంట్ నుంచే జీతం పోవాలి. పేరోల్‌లో వర్క్ స్టడీ అకౌంట్ కోడ్ కింద ఉన్న పేర్లన్నింటినీ వీసా స్టేటస్ జాబితాతో కలిపి చూడండి. డిపార్ట్‌మెంట్ క్లర్క్ తప్పు కోడ్ వేస్తే ఇక్కడ బయటపడుతుంది.

ప్రశ్న అడిగినవారి నుంచి

చాలా ధన్యవాదాలండి. క్యాలెండర్ ఉదాహరణతో కళ్లు తెరుచుకున్నాయి. ఒక సందేహం. మానేసిన విద్యార్థుల జాబితా ఎయిడ్ ఆఫీస్ ఎక్సెల్‌లో ఇచ్చింది, 143 మంది. దాంట్లోంచి శాంపిల్ తీస్తే సరిపోతుందా? ఇంకోటి, దొరికిన తప్పు 25,000 డాలర్ల కన్నా తక్కువైతే రిపోర్ట్‌లో రాయక్కర్లేదా?

జవాబు 2 మళ్లీ

ఆ జాబితా ఆర్‌2టీ4 లెక్క చేసినవాళ్లది. లెక్క చేయకుండా వదిలేసినవాళ్లు అందులో ఉండరు, మీరు వెతకాల్సింది వాళ్లనే. పాపులేషన్‌ని మీరే కట్టండి. రిజిస్ట్రార్ దగ్గర విత్‌డ్రా అయినవాళ్లు, సెమిస్టర్‌లో సున్నా క్రెడిట్లు సంపాదించినవాళ్లు, ఎన్‌ఎస్‌ఎల్‌డీఎస్‌లో "విత్‌డ్రాన్" అయినవాళ్లు, ఈ మూడు జాబితాలు తీసుకుని ఎయిడ్ అందుకున్నవాళ్ల ఫైల్‌తో కలపండి. వచ్చినవాళ్లలో 143 మందిని తీసేశాక మిగిలిన పేర్లను ఒక్కొక్కటిగా అడగండి.

జవాబు 3 (రీసెర్చ్ గ్రాంట్స్ అకౌంటింగ్)

25,000 ప్రశ్నకు ముందు జవాబు. దొరికిన మొత్తం అంతకన్నా తక్కువైనా, పాపులేషన్‌కి అంచనా వేసిన మొత్తం 25,000 దాటితే రాయాల్సిందే. 1,20,000 డాలర్ల శాంపిల్‌లో 1,800 తప్పు దొరికితే అది 1.5 శాతం. పాపులేషన్ 40 లక్షలైతే అంచనా 60,000. రిపోర్ట్‌లో క్వశ్చన్డ్ కాస్ట్‌గా 1,800 చూపించి, శాంపిల్ ఎంత, పాపులేషన్ ఎంత అన్న సందర్భం రాయండి. ఇక ఎన్‌రోల్‌మెంట్ రిపోర్టింగ్ లాంటివాటిలో డాలర్లే ఉండవు. నిబంధన ఉల్లంఘన మెటీరియల్ అయినా, కంట్రోల్ లోపం సిగ్నిఫికెంట్ అయినా క్వశ్చన్డ్ కాస్ట్ సున్నా అయినా రాయాలి.

రీసెర్చ్‌లో ఖర్చులో సింహభాగం జీతాలే. ప్రాజెక్టులకు జీతం ముందు బడ్జెట్ అంచనా ప్రకారం పడుతుంది, తర్వాత అసలు పనితో సరిచూసి సర్దాలి. ఈ రెండో మెట్టే జారిపోతుంది. ఎవరు ఏ ప్రాజెక్టుకు ఎంత సమయం ఇచ్చారో ధృవీకరించే సర్టిఫికేషన్ ఫారమ్‌లో పర్సెంటేజ్‌లు పేరోల్‌తో అచ్చుగుద్దినట్టు ఉన్నాయా అన్నది ఒక్కటే చూడకండి. సంతకం పెట్టిన వ్యక్తికి ఆ పని గురించి తెలిసే అవకాశముందా, సంతకం తేదీ పాలసీ గడువులో ఉందా, అదే కాలంలో ఆ ప్రొఫెసర్ సెలవులో గానీ పూర్తిస్థాయి టీచింగ్‌లో గానీ ఉన్నాడా అన్నవి కూడా చూడండి. కీలక వ్యక్తి మూడు నెలలకు మించి ప్రాజెక్టుకు దూరమైనా, తన సమయం 25 శాతం తగ్గించినా ఏజెన్సీ ముందస్తు అనుమతి కావాలి.

ఎన్‌ఐహెచ్ (అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) గ్రాంట్లలో జీతం పరిమితి లెక్క మీరే వేయండి. 2025లో, జనవరి నుంచి, ఆ పరిమితి ఏడాదికి 2,25,700 డాలర్లుగా ఉండేది. ప్రొఫెసర్ బేస్ జీతం 3,00,000, ప్రాజెక్టు మీద 30 శాతం సమయం అయితే గ్రాంట్‌కి 67,710 మాత్రమే వేయాలి. పేరోల్ సిస్టమ్ 90,000 వేస్తే తేడా 22,290. పైగా ఆ తేడా మీద ఫ్రింజ్ (ఉద్యోగి అదనపు ప్రయోజనాల ఖర్చు), ఇన్‌డైరెక్ట్ (యూనివర్సిటీ ఉమ్మడి ఖర్చుల వాటా) కూడా ఎక్కి ఉంటాయి. జీతం ఏడాది మధ్యలో పెరిగినప్పుడు, గ్రాంట్ కొత్త బడ్జెట్ సంవత్సరంలోకి వెళ్లినప్పుడు ఈ లోపం ఎక్కువ.

ఇన్‌డైరెక్ట్ కాస్ట్ బేస్ (ఇన్‌డైరెక్ట్ రేటు వేసే మొత్తం) దగ్గర మీ ఆడిట్ సంవత్సరంలో ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. ఒక్కో సబ్‌అవార్డ్‌లో ముందు 25,000 డాలర్ల మీదే ఇన్‌డైరెక్ట్ వేసే పాత పద్ధతి, 2024 సవరణతో 50,000 అయింది. పరికరం అనడానికి కనీస విలువ కూడా 5,000 నుంచి 10,000 అయింది. పాత అవార్డులకు ఇది దానంతటదే రాదు. అవార్డ్ నోటీసులో, యూనివర్సిటీ రేట్ ఒప్పందంలో ఏముందో చూడాలి. 55 శాతం రేటున్న చోట పాత అవార్డ్ కింద 1,20,000 సబ్‌అవార్డ్‌కి 50,000 దాకా ఇన్‌డైరెక్ట్ వేస్తే ఎక్కువ పడింది 13,750. అలాంటివి రెండుంటే 27,500, అంటే 25,000 దాటినట్టే. సిస్టమ్‌లో అవార్డ్‌కి తగిలించిన బేస్ కోడ్‌ల జాబితా తెప్పించుకుని, సెటప్ తేదీ ప్రకారం వరస పెట్టి చూడండి. రీసెర్చ్ అసిస్టెంట్లుగా ఉండే మన పీహెచ్‌డీ విద్యార్థుల ట్యూషన్ రెమిషన్ (ఫీజు మాఫీ) ఈ బేస్‌లోకి రాకూడదు. పార్టిసిపెంట్ సపోర్ట్ ఖర్చులు (శిక్షణకు వచ్చేవాళ్ల స్టైపెండ్, ప్రయాణం లాంటివి) కూడా రాకూడదు, పైగా అనుమతి లేకుండా ఆ డబ్బును వేరే పద్దుకు మళ్లించకూడదు.

కాస్ట్ ట్రాన్స్‌ఫర్‌లు, అంటే ఒక అకౌంట్‌లో పడ్డ ఖర్చును ఇంకో గ్రాంట్‌కి మార్చడం. ఎన్‌ఐహెచ్ నియమం ప్రకారం తప్పు కనిపెట్టిన 90 రోజుల్లో సర్దాలి. ముగియబోతున్న గ్రాంట్‌లో మిగిలిన డబ్బు మీదకి ఇంకో ప్రాజెక్టు ఖర్చు తోసే ఎంట్రీలనే వెతకాలి. జర్నల్ ఎంట్రీల్లోంచి అవార్డ్ ముగింపుకు ముందు 60 రోజుల్లో పడ్డవి, 90 రోజులు దాటినవి వేరుచేయండి. వివరణ గడిలో "సరైన అకౌంట్‌కి మార్చడం" అని మాత్రమే ఉంటే చాలదు. ఆ ఖర్చు ఈ ప్రాజెక్టుకు ఎలా ఉపయోగపడిందో, ముందు ఎందుకు తప్పు పడిందో ఉండాలి. చివరి నెలలో కొన్న ల్యాప్‌టాప్‌లు, ఏడాదికి సరిపడా కెమికల్స్ కూడా ఇదే కోవ.

సబ్‌అవార్డ్‌ల దగ్గర మూడు కాగితాలు అడగండి: ఇవ్వకముందు చేసిన రిస్క్ అంచనా, సబ్ సంస్థ సింగిల్ ఆడిట్ రిపోర్ట్ చూసినట్టు ఆధారం, ఇన్వాయిస్‌ని ప్రొఫెసర్ ఆమోదించిన తేదీ. 30,000 డాలర్లు, ఆపైన ఉన్న తొలిశ్రేణి సబ్‌అవార్డ్‌ని మరుసటి నెలాఖరులోగా రిపోర్ట్ చేయాలి. 2025 మార్చిలో ఈ రిపోర్టింగ్ ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ అనే పాత సిస్టమ్ నుంచి సామ్ డాట్ గవ్‌కి మారింది. మీ సంవత్సరం ఈ రెండు సిస్టమ్‌ల మీదా పడింది కనుక మార్పుకు ముందు ఒకటి, తర్వాత ఒకటి తీసి చూడండి. మార్పు సమయంలో యూజర్ హక్కులు లేక ఆలస్యమైనా గడువు మాత్రం అదే.

జవాబు 1 మళ్లీ

రీసెర్చ్ గారి జాబితాకు ఒకటి కలుపుతాను. ఫైండింగ్ రాసేటప్పుడు కారణం అన్న భాగంలో "మానవ తప్పిదం" అని రాయకండి. "స్ప్రింగ్ బ్రేక్ వారాంతాలు సిస్టమ్ క్యాలెండర్‌లో చేర్చలేదు, సెటప్‌ని రెండో వ్యక్తి సరిచూసే పద్ధతి లేదు" అని రాస్తేనే క్లయింట్ ఇచ్చే కరెక్టివ్ యాక్షన్ ప్లాన్‌కి అర్థం ఉంటుంది. ఆ ప్లాన్, పాత ఫైండింగ్‌ల స్థితి చెప్పే షెడ్యూల్ రెండూ క్లయింట్ రాయాల్సినవి. పాత ఫైండింగ్ "సరిచేశాం" అని రాసి ఉంటే ఆ ఒక్కదాన్నీ తిరిగి టెస్ట్ చేయకుండా ఒప్పుకోవద్దు. అదే లోపం మళ్లీ దొరికితే రిపీట్ అని, పాత నంబర్‌తో సహా చూపించాలి.

హైదరాబాద్ నుంచి చూస్తున్నారు కాబట్టి విద్యార్థి ఫైళ్లలో సోషల్ సెక్యూరిటీ నంబర్ కనిపించకుండా కప్పి పంపమని ముందే అడగండి. వర్క్‌పేపర్‌లో విద్యార్థి పేరు బదులు శాంపిల్ నంబర్ వాడండి. ఆ నంబర్ ఎవరిదో చెప్పే జాబితా క్లయింట్ పోర్టల్‌లోనే ఉంచాలి.

ఆడిట్ ప్యాకేజీ దాఖలు చేసే గడువు కూడా గుర్తుపెట్టుకోండి. జూన్ 30 సంవత్సరానికి తొమ్మిది నెలలంటే 2026 మార్చి 31. కానీ ఆడిటర్ రిపోర్ట్ అందిన 30 రోజులు, తొమ్మిది నెలలు, ఈ రెండింటిలో ఏది ముందొస్తే అదే గడువు. మీరు నవంబర్ 20న రిపోర్ట్ ఇచ్చేస్తే ఫెడరల్ ఆడిట్ క్లియరింగ్‌హౌస్‌లో (ఆడిట్ రిపోర్టులు దాఖలు చేసే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో) డిసెంబర్ 20లోగా ప్యాకేజీ వేయాలి. అక్కడ ఆడిటర్, ఆడిటీ ఇద్దరూ విడివిడిగా సర్టిఫై చేయాలి కాబట్టి క్లయింట్ తరఫున ఎవరు చేస్తారో, వాళ్లకు యాక్సెస్ ఉందో లేదో రిపోర్ట్ ఇచ్చేముందే కనుక్కోండి.